కళ్లు మూసుకుని చెప్పిన మాట

సంచి జిప్పు ఎంత లాగినా సగం దాకా వచ్చి మొరాయిస్తోంది. కరుణ దాని మీద మోకాలు ఆనించి, పళ్లు బిగబట్టి మళ్లీ లాగింది. ఊహూఁ. చివరికి పైనున్న చీర ఒకటి తీసి మంచం మీద పడేసింది. అప్పుడు పడింది జిప్పు.

పడేసిన చీర పోయిన క్రిస్మస్‌కు అత్త పెట్టింది.

స్వరాజ్యం గడప దగ్గర నిలబడి అది చూసింది. చీర సంగతి అడుగుదామని నోరు తెరిచి, మళ్లీ మూసుకుంది. వారం దాటింది, ఆ ఇంట్లో మాటలన్నీ నోటి దాకా వచ్చి ఆగిపోతున్నాయి.

“రైలు ఎప్పుడు?”

“సాయంత్రం.”

“వరంగల్‌ల దిగి పరకాల దాకా ఒక్కదానివే ఎట్ల పోతవ్ బిడ్డా?”

“తోడు రావాల్సినాయినే పొమ్మన్నంక ఇంకెవలొస్తరత్తమ్మా?”

మోరీ దగ్గర చెంబు చప్పుడు ఆగింది. శివకృష్ణ తల తుడుచుకుంటూ వచ్చాడు. పెళ్లాన్ని గానీ సంచిని గానీ చూడకుండా చొక్కా తొడుక్కున్నాడు. ఒక్క గది, ఒక వంటిల్లు ఉన్న కొంపలో మనిషిని చూడకుండా తిరగడం తేలిక కాదు. వారం రోజుల్లో బాగానే అలవాటు చేసుకున్నాడు.

“జర తిని పో నాయినా,” అంది స్వరాజ్యం.

“ఎవలు వండిన్రు?”

“నేనే.”

ఆ అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో ఆమెకే ఆశ్చర్యమేసింది. పొద్దున్నే లేచి వండింది కరుణ. వంటింటి గడపలో నిలబడి ఆ మాట విన్నది కూడా కరుణే.

శివ రెండు ముద్దలు తిన్నాడు. మూడో ముద్ద కలుపుతూ ఆగాడు.

“నీ పులుసుల చింతపండు గింత పడదమ్మా,” అని పళ్లెం పక్కకు జరిపి, చెయ్యి కడుక్కున్నాడు.

కరుణ ముందుకు వచ్చింది. “తినకుంటే తినకు. ఒక్క మాట మాత్రం మళ్ల చెప్తున్న. లలితమ్మకు నేను చెప్పలే.”

“మరెవలు చెప్పిన్రు? గోడలు చెప్పినయా? ఆ సంగతి తెలిసింది మనిద్దరికే. డాక్టరేమన్న బమ్రోలి దాకొచ్చి గల్లీ గల్లీ తిరిగి చెప్పిపోయిండా?”

“నేను లలితమ్మకు చెప్పలే.”

“గంతే అంటవ్. వారం నుంచి గదే మాట. ఇంకేమన్న ఉంటే చెప్పరాదు?”

కరుణ మొగుడి మొఖంలోకి చూడలేదు. అత్త వైపు చూసింది.

స్వరాజ్యం చటుక్కున వంగి, పొయ్యి పక్కన ఎక్కడా లేని మరకను తుడవడం మొదలుపెట్టింది.

“లోపల నా ఇజ్జత్ తీసినవ్, బయట కూడ తీసినవ్,” అన్నాడు శివ. “మీ అమ్మోళ్లింట్ల కూసోని చెప్పుకో పో, ఎంతమందికి చెప్పుకుంటవో.”

గోడకు ఒక పక్క మార్కండేయ పటం, ఇంకో పక్క సంఘంవాళ్లు ఇచ్చిన సిలువ క్యాలెండరు. వాటి మధ్యన కూర్చుని చెప్పులు తొడుక్కుంటున్నాడు శివ తండ్రి సోమలింగం. ఆ ఇంట్లో దేవుళ్ల దగ్గర ఎప్పుడూ తగాదా రాలేదు. ఆయన అగరుబత్తి ఆయనది, స్వరాజ్యం ప్రార్థన ఆమెది.

తగాదా అంతా ఆయన నోటితోనే. మగ్గం మిషన్ దగ్గర దారం తెగితే దారాన్ని, కరెంటు పోతే కరెంటును వావి వరసలు లేకుండా తిట్టే మనిషి. ఇంటికొచ్చినా ఆ నోరు ఆగేది కాదు. ఆయన ఒక బూతు అనగానే స్వరాజ్యం పెద్దగా “స్తోత్రం!” అనేది, ఆ బూతును అక్కడికక్కడే కడిగేసినట్టు. “నోరు దేవుడిచ్చిండయ్యా, గిట్లనా వాడేది?” అని ఎన్నేళ్లుగా సతాయించిందో. తన నోరు మాత్రం తోమిన గిన్నె అనుకునేది.

మిషన్ల మోతలో ఏళ్లకేళ్లు పనిచేసి సోమలింగానికి చెవులు పోయాయి. మాట వినడు, చూస్తాడు. ఎదుటివాళ్ల పెదాలు కదిలితే చాలు. అందుకే ఈ వారమంతా స్వరాజ్యం ఇంట్లో కొంగు మూతికి అడ్డం పెట్టుకుని తిరుగుతోంది. అడిగితే జలుబంది.

ఆయన లేచాడు. కొంగు వెనకున్న భార్య మూతి వైపు ఒకసారి చూశాడు. ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది.

తండ్రీ కొడుకులు బండెక్కి పోయారు. అన్నం డబ్బా వంటింటి గట్టు మీదే ఉండిపోయింది.

*

కార్ఖానాలో లలితమ్మ మొగుడు పరుశురాం చేసిన ఉపకారం అంతా ఇంతా కాదు.

బతకడానికొచ్చిన ఈ ఊళ్లో, పాండేసరాలోని ఆ నేత షెడ్డులో మిషన్లు ఆడుతుంటే చెవిలో అరిచినా వినబడదు. అక్కడ మాటంటే పెదాల కదలికే. ఈ చివర మనిషి ఏమన్నాడో ఆ చివర మనిషికి తెలిసిపోతుంది. అందుకే గుట్టు మాట చెప్పాలంటే మూతి పక్కన అరచెయ్యి అడ్డం పెట్టుకుంటారు. అది అక్కడి మర్యాద. పోయిన వారం పరుశురాం ఆ అడ్డం పెట్టలేదు. మంచి మాటకు చెయ్యి అడ్డమెందుకు అనుకున్నాడో ఏమో, ఎదురు మిషన్ దగ్గర నిలబడి, పెదాలు బాగా సాగదీసి మరీ చెప్పాడు:

“శివా, ఫికర్ చెయ్యకు. మా ఇంటామె నీ కోసం ప్రార్థన చేస్తుంది. పిల్లలయ్యే తాకతు నీకు దేవుడే ఇస్తడు.”

వరస మొత్తం చదువుకుంది. నవ్వులు వినబడలేదు గానీ, పళ్లన్నీ కనబడ్డాయి.

పెళ్లయి ఐదేళ్లు. ఇన్నాళ్లూ వాళ్లుండే చాలీలో, ఆ వరస గదుల ఇళ్లలో, అందరూ కరుణ కడుపు గురించే మాట్లాడుకున్నారు. లోపం శివలో ఉందని ఆస్పత్రిలో తేలాక కూడా కరుణ ఆ నిందను దులుపుకోలేదు. మొగుడి కోసం మోసింది. ఇప్పుడు ఆ మొగుడే నోరు ఆగనిదానివంటూ సంచి సర్దుకొమ్మన్నాడు.

“జర ఆగు బిడ్డా,” అంది స్వరాజ్యం. కొంగు మూతి మీద నుంచి తీసింది, ఇప్పుడు చూసేవాళ్లు లేరు కదా. “నేను ప్రార్థనల పెట్టిన. దేవుడు వాని మనసు మారుస్తడు. పోయే దాక పోకు.”

“వద్దత్తమ్మా,” అంది కరుణ. “నా పేరు నీ ప్రార్థనల తియ్యకు. నీకు దండం పెడ్త.”

“అగో, గట్లంటవేంది?”

కరుణ మంచం అంచున కూర్చుంది. గొంతు పెంచలేదు. పెంచితే స్వరాజ్యానికి ఏదో ఒకటి అనే వీలుండేది.

“ఆ శుక్రవారం మనింట్ల ఉపవాస ప్రార్థన కూడిక అయింది గద. నేను యాడున్ననత్తమ్మా?”

స్వరాజ్యం కొంగు కొసను వేలికి చుట్టుకుంది.

“వంటింట్ల. మీకందరికి చాయ్ పెట్టుకుంట. మీరంత కండ్లు మూసుకున్నరు. నేను మూసుకోలే, పాలు పొంగుతయని. అంత ఇన్న.”

స్వరాజ్యం గోడ పట్టుకుంది.

“ఇంటే... మరి శివకు ఎందుకు చెప్పలే?”

“నువ్వు చెప్తవని చూసిన.” కరుణ సంచి పట్టీని సరిచేసింది. “తెల్లారి చెప్తవనుకున్న. ఆదివారం గుడికి పోయొచ్చినంక చెప్తవనుకున్న. ఆయన నన్ను నోటికొచ్చినట్టు అంటుంటే, గిప్పుడన్న చెప్తవనుకున్న. నేను చెప్తే ఏమైతది? అత్త మీద చాడీ చెప్పిన కోడలినైత. గందుకే నీ దిక్కు చూసుకుంటనే ఉన్న. నువ్వు గట్టు తుడుసుకుంటనే ఉన్నవ్.”

“బిడ్డా, నేను ప్రేమతోనే...”

“డాబా మీద బట్టలు ఆరేస్తుంటే నన్ను ఎన్నిసార్లు సతాయించినవత్తమ్మా? నూనె రాయించుకో, ఉపవాసముండు, నీలనే ఏదో పాపముండొచ్చు ఒప్పుకో అని. ఇగ ఓపలేక చెప్పిన, లోపం నాది గాదని. చెప్పి నీ చేతులు పట్టుకున్న. ‘నా కడుపులనే ఉంటది బిడ్డా’ అన్నవ్.”

అన్నది. డాబా దిగొచ్చి బైబిలు మీద చెయ్యి పెట్టి మరీ అన్నది. అడక్కపోయినా పెట్టింది.

కరుణ లేచి వంటింట్లోకి పోయింది.

స్వరాజ్యం ఆ శుక్రవారాన్ని తలుచుకోవడానికి ఇన్నాళ్లూ భయపడింది. ఇప్పుడు తప్పలేదు. ఆమె ప్రార్థన చేస్తే సంఘంలో పేరు. మామూలుగా “ఏంది”, “గిట్ల” అని మాట్లాడే మనిషి, కళ్లు మూసుకోగానే “కృపగల తండ్రీ, నీ పాదసన్నిధిలో మోకరించియున్నాము” అని ఎక్కడి నుంచో పెద్ద భాష అందుకునేది. ఆ రోజు లలితమ్మ చెల్లెలి జబ్బు కోసం చేసింది, మంగ ఇంటి కోసం చేసింది. ఆమెన్‌లు పడ్డాయి గానీ పలచగా పడ్డాయి. అప్పుడు ఆమె నాలుక మీదికి ఆ మాట వచ్చింది.

“ప్రభువా, నా కుమారుని శరీరమందున్న బలహీనతను ముట్టుము. వైద్యులు ఇతనికి సంతానము లేదనిన మాటను కొట్టివేయుము.”

గదిలో ఒక్కసారిగా ఏడుపులు. లలితమ్మ అయితే వెక్కివెక్కి ఏడ్చింది. ఆమెన్ మీద ఆమెన్. స్వరాజ్యానికి ఒళ్లు పులకరించింది. దేవుడే దిగి వచ్చాడనుకుంది. దిగి వచ్చింది దేవుడు కాదని, తన మాటకు నలుగురు ఏడుస్తుంటే కలిగే సంతోషమని అప్పుడే లోపల ఎక్కడో తెలుసు. తెలిసీ ఇంకో రెండు వాక్యాలు పెంచింది.

ఇప్పుడు ఆమె ఒంటరిగా ఉన్నా కొంగు మొఖమంతా కప్పుకుంది.

*

“వందనాలక్కా!”

లలితమ్మ చెప్పులు గుమ్మంలో విడిచి, పిలవకుండానే లోపలికి వచ్చి కూర్చుంది. పరుశురాం భార్య. మనసు చెడ్డది కాదు. చాలీలో ఎవరికి జ్వరమొచ్చినా జావ కాచి పట్టుకొచ్చేది ఆమే. ఆ జావతో పాటు నాలుగిళ్ల కబుర్లు కూడా వస్తాయి, అంతే.

కట్టిన సంచిని చూసి గొంతు తగ్గించింది. తగ్గించినా వంటింట్లోకి వినబడేంత గొంతే అది.

“ఇంట్ల శాంతి సమాధానం లేదంట గదక్కా. నాకు నిద్ర పడ్తలేదు. పొద్దుగాల్నే మన గ్రూప్‌ల ప్రార్థనకు పెట్టిన.”

“ఏమని పెట్టినవ్?”

లలితమ్మ సంతోషంగా ఫోన్ తీసి వినిపించింది. తన గొంతే: “సహోదరీలారా, స్వరాజ్యక్క ఇంట్ల కోడలు ఇల్లిడిసి పోతుంది. ఇంటి గుట్టు బయటపెట్టిన ఆమె నోటిని దేవుడు క్షమించి కాపాడేటట్టు అందరు ప్రార్థించుండ్రి.”

కింద ఆమెన్‌లు, దండం పెట్టే చేతులు వరసగా పడి ఉన్నాయి.

“కరుణ నోరా?” అంది స్వరాజ్యం.

“మరి? ఆదివారం సుమన్ పాస్టరయ్య నోటి గురించే గద వాక్యం చెప్పింది. నరుడు ఆడిన ప్రతి మాట దేవుడు ఇంటడని. నువ్వు గంత గట్టిగ ఆమెన్ అంటుంటే పాపం కోడలి బాధతోనే అంటున్నవనుకున్నరు అందరు.”

ఆమెన్ అన్నది నిజమే. అందరికంటే గట్టిగా అన్నది. గట్టిగా అంటే ఆ వాక్యం తన మీద పడకుండా పక్కకు పోతుందేమోనని.

“లలితా,” అంది మెల్లగా, “ఆ శుక్రవారం నేనన్న మాట పరుశురాంకు ఎందుకు చెప్పినవ్?”

లలితమ్మ కళ్లు పెద్దవి చేసింది. “ప్రార్థన కోసమే గదక్కా! ఒక్కరి కంటే ఇద్దరం చేస్తే మంచిది గదా అని. నువ్వు మాకెందుకు చెప్పినవో, నేను మా ఆయనకు గందుకే చెప్పిన.”

అందులో వెక్కిరింపు లేదు. ఉంటే స్వరాజ్యం ఏదో ఒకటి అని దులపరించుకునేది. ఆ మనిషి నిజంగానే అనుకుంటోంది. స్వరాజ్యం దగ్గర నేర్చుకున్నదే అనుకుంటోంది.

“లలితా, నువ్వు ఇంటికి పో.”

“ప్రార్థన చేసి పోతనక్కా. నువ్వే చెయ్యి, నువ్వు చేస్తే మనసు నిమ్మలమైతది.”

“నాకొస్తలేదు. నువ్వు పో తల్లీ.”

స్వరాజ్యానికి ప్రార్థన రావడం లేదన్న మాట లలితమ్మ నమ్మలేకపోయింది. చెప్పులు తొడుక్కుంటూ రెండుసార్లు వెనక్కి చూసింది.

వంటింట్లో ఏ చప్పుడూ లేదు. స్వరాజ్యం గట్టు మీదున్న డబ్బా తీసుకుంది. కరుణ వండిన అన్నం, కరుణ పెట్టిన పులుసు.

“ఏడికి?” అని అడిగింది కరుణ.

“డబ్బా ఇచ్చొస్త.”

కరుణ ఆమె చేతిలోని డబ్బా మూత బిగించింది. “నువ్వు ఏం చెప్పినా నేను ఆగుతనని గాదత్తమ్మా. అది మనసుల పెట్టుకో,” అంది.

“పెట్టుకున్న.”

*

బమ్రోలి నుంచి పాండేసరా దాకా తానులు మోసుకుపోయే టెంపోల పక్కనుంచి నడిచింది స్వరాజ్యం. దారిపొడుగునా చెప్పాల్సిన మాటలు సర్దుకుంది. శివను బయటికి పిలవాలి. టీ బండి వెనక్కి తీసుకుపోవాలి. “నాయినా, తల్లి మనసు...” అని మొదలుపెట్టాలి. అక్కడి నుంచి కాస్త కన్నీళ్లు. కన్నీళ్లు వస్తే వాడు కరుగుతాడు.

ఆ సర్దుకోవడం చూసి ఆమెకే అసహ్యమేసింది. తప్పు ఒప్పుకోవడానికి కూడా రాగం వెతుక్కుంటోంది.

కార్ఖానా తలుపు తీయగానే మోత మొఖాన కొట్టింది. ఒకప్పుడు ఇదే షెడ్డులో ఆ మూల కూర్చుని కండెలు చుట్టింది ఆమె. మోకాళ్లు పోయేదాకా చుట్టింది. గాలిలో తేలే దూది పీచు, నూనె వాసన, అన్నీ అట్లాగే ఉన్నాయి. తలుపు దగ్గరి మిషన్ల మీద సోమలింగం. వరస మధ్యలో శివ. శివకు ఎదురుగా పరుశురాం.

ఆమె బయటికి రమ్మని చెయ్యి ఊపింది.

శివ తల అడ్డంగా ఆడించాడు. పెదాలు కదిలాయి. “సేఠ్ లోపలున్నడు. ఏంది? ఈడనే చెప్పు.”

మళ్లీ ఊపింది. వాడు విసుక్కున్నాడు. “చెప్పమ్మా!”

వరసలో వాళ్లు అప్పటికే ఇటు చూస్తున్నారు. షెడ్డులోకి ఆడమనిషి వస్తే ఇంటి దగ్గర ఏదో అయిందనే లెక్క. పరుశురాం కూడా తల ఎత్తాడు.

స్వరాజ్యం కుడిచెయ్యి దానంతటదే లేచింది. మూతి పక్కన అడ్డం పెట్టుకోవడానికి. అరచెయ్యి అక్కడ పెట్టుకుంటే శివ ఒక్కడికే కనబడుతుంది, ఇంకెవరికీ కనబడదు. తల్లీ కొడుకుల గుట్టు తల్లీ కొడుకుల మధ్యే ఉంటుంది. కరుణ మీద నింద మాత్రం ఈ వరస నిండా అట్లాగే ఉండిపోతుంది.

చెయ్యి దించింది.

ఇక్కడ గొంతు పనికిరాదు. వణికే గొంతు, రాగం తీసే గొంతు, పదిమందిని ఏడిపించే గొంతు, ఏదీ వినబడదు. పెదాలు మాత్రమే. కళ్లు మూసుకోవడానికి కూడా వీల్లేదు, కొడుకు మొఖం చూస్తూనే చెప్పాలి.

“కరుణ గాదు,” అంది.

శివ కనుబొమలు ముడిపడ్డాయి.

“కరుణ నాకు తప్ప ఎవలకు చెప్పలే. నేను చెప్పిన. నేనే. కూడికల, అందరి ముంగట.”

వాడు కదల్లేదు. అర్థం కాలేదేమోనని ఆమె మళ్లీ చెప్పింది, ఒక్కో మాటా విడదీసి. ఆ వరసలో చదువు రాని కళ్లు కూడా చదువుకునేటంత నిదానంగా.

“నా కోడలు తప్పేం లేదు. నా నోరుదే తప్పు. నువ్వు దాన్ని అంటుంటే చూసుకుంట ఊకున్న. భయమైంది నాకు. నువ్వు నన్ను అసహ్యించుకుంటవని.”

పరుశురాం తల దించుకున్నాడు. పక్క మిషన్ మీద కుర్రాడు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. అప్పుడు నవ్వినవాళ్లలో ఇప్పుడు ఒక్కరి పళ్లూ కనబడలేదు.

శివ మిషన్ మీద దారం తెగింది. తెగిన దారంతోనే మిషన్ ఆడుతోంది, బట్ట మీద గీత పడుతూనే ఉంది. వాడికి ఇన్నేళ్లలో ఎప్పుడూ అట్లా జరగలేదు. చూసుకోలేదు వాడు. తల్లినే చూస్తున్నాడు.

తర్వాత వాడి పెదాలు కదిలాయి. పొడుగ్గానే అన్నాడు. ఒక మాట కాదు, రెండు మూడు మాటలు.

సరిగ్గా అప్పుడే స్వరాజ్యం కళ్లు నిండిపోయాయి. దారిలో తనే సర్దిపెట్టుకుని, తనే అసహ్యించుకున్న కన్నీళ్లు. కొడుకు మూతి నీళ్లలో కలిసిపోయింది. కొంగుతో తుడుచుకుని చూసేసరికి వాడు మిషన్లు ఆపేశాడు. పక్కనుంచే నడిచి, తండ్రిని దాటి, బయటికి పోయాడు. భుజం తగిలింది గానీ ఆగలేదు.

ఆమె సోమలింగం దగ్గరికి వెళ్లింది. ఆయన అంతా చూశాడు. మొఖంలో ఏమీ లేదు.

“ఏమన్నడు?” అంది. “నాకు కనవడలే. వాడు ఏమన్నడు శివ బాపూ?”

సోమలింగం ఆమె చేతిలోంచి డబ్బా తీసుకుని కిటికీలో పెట్టాడు. గుడ్డ ముక్కతో చేతుల నూనె తుడుచుకున్నాడు.

“నీకన్నడు. నాకు గాదు.”

“జర చెప్పయ్యా. నీ కాళ్లు మొక్కుత.”

జీవితంలో బూతు లేకుండా నాలుగు మాటలు అతికించలేని మనిషి, ఆమె వైపు తిరిగి, ఆమెకు బాగా కనబడేటట్టు నిలబడ్డాడు.

“ఒకల మాట ఇంకొకలకు నేను మొయ్య, స్వరాజ్యం. వాన్నే అడుగు.”

అని కొడుకు మిషన్ దగ్గరికి పోయి, తెగిన దారం వెతకడం మొదలుపెట్టాడు. ఆ మొఖంలో కోపం లేదు. అది చూసే ఆమె తట్టుకోలేకపోయింది.

*

చాలీకి వచ్చేసరికి తలుపు దగ్గరగా వేసి ఉంది. తాళం లేదు. మెట్ల దగ్గర శివ బండి లేదు.

పక్కింటి మంగ బియ్యం ఏరుతూ కూర్చుంది.

“ఇప్పుడే పోయిన్రు వదినా. ఇద్దరు. బండి మీద.”

“సంచి?”

“సంచి ఉండె. మధ్యల పెట్టుకున్నరు.”

“ఏడికి పోతున్నమన్నరా? వాడేమన్నడు? అదేమన్నది?”

మంగ చేట ఆపింది. “నేనడుగలే వదినా. మొగుడూ పెండ్లాలు మాట్లాడుకుంటుంటే నడుమ నేనెందుకు?”

సాయంత్రం రైలుకు ఇంకా చాలా పొద్దుంది. స్టేషన్‌కు ఇప్పుడే పోవాల్సిన పని లేదు. దింపి రావడానికి పోయాడో, బతిమాలుకోవడానికి పోయాడో, ఇద్దరూ కలిసే ఈ ఇంటిని వదిలిపోయారో. స్వరాజ్యం లోపలికి వచ్చింది.

మంచం మీద క్రిస్మస్ చీర అక్కడే ఉంది. పొద్దున పడేసినట్టు లేదు. ఎవరో తీరుబడిగా కూర్చుని, అంచులు కలిపి, కొత్తచీరలా మడతపెట్టి ఉంచారు. తిరిగి ఇచ్చేసేటప్పుడు అట్లాగే మడతపెడతారు.

ఆమె దాని పక్కన కూర్చుంది. ముట్టుకోలేదు.

ఫోన్ టింగుమంది. మళ్లీ టింగుమంది. ప్రార్థన గ్రూపు. లలితమ్మ పెట్టినదాని కింద ఇంకా పడుతూనే ఉన్నాయి. “కరుణ సిస్టర్ నాలుకను ప్రభువు కాయును గాక. ఆమెన్.” ఊరికి అవతలి కొసన పర్వత్ పాటియా నుంచి ఒకామె పెట్టింది, కరుణ మొఖం కూడా చూడని మనిషి. “ఆమెన్,” అని ఇంకొకామె. “అటువంటి నోరు కుటుంబాలను కూల్చును. ఆమెన్.”

స్వరాజ్యం అలవాటుగా కళ్లు మూసుకుంది. “కృపగల...” దాకా వచ్చింది. అక్కడే ఆగిపోయింది. కార్ఖానాలో చెప్పింది షెడ్డు వరకే. కూడికలో అన్న మాట కూడిక దాకా పోయింది, కూడిక నుంచి ఊరంతా పోయింది. ఇక్కడ కూడా ఒప్పుకుంటే, రేపటి నుంచి ఏ ఇంట్లోనూ ఎవరూ “స్వరాజ్యక్కా, నువ్వు ప్రార్థన చెయ్యి” అనరు. ఆ ఒక్క మాట కోసమే ఇన్నేళ్లు బతికినట్టు ఆమెకు గుండె బరువెక్కింది. అంత బరువెక్కినందుకు మళ్లీ సిగ్గేసింది.

కళ్లు తెరిచింది. మైకు గుర్తు మీద బొటనవేలు అదిమి పట్టింది.

“నేను స్వరాజ్యాన్ని,” అంది. గొంతు బొంగురుగా, ఇంట్లో మాట్లాడే గొంతులాగే వచ్చింది. “ఇది ప్రార్థన గాదు. ఎవలు ఆమెన్ అనకుండ్రి. జర ఇనుండ్రి.”